డబ్ల్యూఎన్‌బీఏ ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో ఏ జట్టు ఎదురైతే మేలు?

అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ అయిన డబ్ల్యూఎన్‌బీఏలో ప్రత్యర్థిని ఎంచుకునే వీలు ఏ జట్టుకూ లేదు. లీగ్ దశలో తొలి 8 స్థానాల్లో నిలిచి ప్లేఆఫ్స్‌కు చేరిన జట్లలో 1వ దానికి 8వది, 2కి 7, 3కి 6, 4కి 5 ఎదురవుతాయి. అభిమానుల వాదనంతా "మాకు ఎవరొస్తే బాగుండు" అనే దాని మీదే. నేనైతే ర్యాంకు చూడను, ఇప్పటి ఫామ్ చూస్తాను.

2025లో చాలామందికి ఇండియానా ఫీవర్ తేలికైన జట్టులా కనిపించింది. 6వ స్థానం, పైగా గాయంతో స్టార్ ప్లేయర్ కైట్లిన్ క్లార్క్ లేదు. అయినా 3వ స్థానంలోని అట్లాంటా డ్రీమ్‌ను 2-1తో ఇంటికి పంపింది. చివరి మ్యాచ్ అట్లాంటాలోనే, స్కోరు 87-85! కెల్సీ మిచెల్, అలియా బోస్టన్ లాంటి ప్లేయర్లున్న ఫీవర్‌ను తక్కువ అంచనా వేయడం నాకెప్పుడూ నచ్చలేదు. 7వ స్థానంలోని సియాటిల్ కూడా లాస్ వేగాస్‌ను మూడో మ్యాచ్ దాకా లాగింది. ఆ మ్యాచ్‌లో 74-73తో గట్టెక్కిన వేగాసే చివరికి టైటిల్ గెలిచింది.

తొలి రౌండ్ మూడు మ్యాచ్‌లదే కాబట్టి ఒక్క చెడ్డ రోజుకే టెన్షన్ మొదలవుతుంది. అందుకే ఫామ్‌లో ఉన్న 7వ జట్టు కన్నా, అలసిపోయిన 5వ జట్టు ఎదురవడమే నయం.