గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కు తక్కువ ధరలో మంచి ఫ్లాష్ కార్ట్ ఏది?

హన్మకొండలో సెకండ్‌హ్యాండ్ గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ దొరికింది, తక్కువ పైసల్లో ఏ ఫ్లాష్ కార్ట్ కొనాలి అని అడిగారు. ఫ్లాష్ కార్ట్ అంటే మెమరీ కార్డులోని గేమ్ ఫైళ్లను ఆడించే క్యాసెట్. ధర కన్నా ముందు, గేమ్ సేవ్‌ను (ఆట ఎక్కడిదాకా వచ్చిందో ఆ రికార్డును) అది ఎక్కడ పెడుతుందో చూడండి. గేమ్‌లు దాదాపు అన్ని కార్టులూ నడిపిస్తాయి, ఎక్కువ తేడా బయటపడేది సేవ్ దగ్గరే.

అన్నిటికన్నా చవక పాత సూపర్‌కార్డ్, దాని నకళ్లు. మామూలుగా ప్రతి గేమ్‌నూ ముందు కంప్యూటర్‌లో ప్యాచ్ చేయాలి, అంటే కార్ట్‌కు తగ్గట్టు ఫైల్‌ను మార్చాలి. లోపలి మెమరీ నెమ్మది కాబట్టి కొన్ని గేమ్‌లు ఆగి ఆగి నడుస్తాయి. వద్దనే నా సలహా.

మీ బడ్జెట్‌కు సరిపోయేది ఈజీ ఫ్లాష్ ఒమేగా. ప్యాచింగ్ పని లేదు. ఇందులో సేవ్ ముందు బ్యాటరీ మీద నడిచే మెమరీలో ఉంటుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఎస్‌డీ కార్డులోకి పోతుంది. అందుకే ఆట ఆపిన వెంటనే కార్డు పీకొద్దు. ఒకసారి ఆన్ చేసి, మెనూ వచ్చాక ఆఫ్ చేసి అప్పుడే తీయండి. లోపలి బ్యాటరీ అయిపోతే, ఇంకా ఎస్‌డీ కార్డులోకి చేరని సేవ్ కూడా పోతుంది. ఇంకొంచెం పెట్టగలిగితే ఒమేగా డెఫినిటివ్ ఎడిషన్ తీసుకోండి. అందులో సేవ్ ఎఫ్‌ర్యామ్ అనే మెమరీలో ఉంటుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు, బ్యాటరీ గడియారానికే. అది అయిపోయినా పోకెమాన్ ఎమరాల్డ్ లాంటి వాటిలో టైమ్‌తో జరిగేవి ఆగుతాయి, ఆట నడుస్తూనే ఉంటుంది. ఎవర్‌డ్రైవ్ మినీ అనే మరో కార్ట్ చాలా మంచిది, కానీ ధర బాగా ఎక్కువ.

మెమరీ కార్డు 16 లేదా 32 జీబీ చాలు. మామూలు గేమ్ ఏదీ 32 ఎంబీ దాటదు. ఫ్యాట్32లో, 32 కేబీ క్లస్టర్‌తో (ఫార్మాట్ చేసేటప్పుడు కనిపించే అలకేషన్ సైజ్) ఫార్మాట్ చేయండి. నకిలీ కార్డులు విపరీతంగా ఉన్నాయి, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో మొత్తం కార్డును పరీక్షించాకే గేమ్‌లు ఎక్కించండి.

ఒమేగాలో పెద్ద గేమ్ ప్రతిసారీ లోడయ్యేదాకా ఆగాలి. రోజూ ఆడేదాన్ని కార్ట్ లోపలే ఉండే నార్ మెమరీలో రాసుకుంటే వెంటనే మొదలవుతుంది. అందులో 64 ఎంబీ ఉంటుంది, అంటే పెద్దవి రెండు. ఏదైనా గేమ్ మధ్యలో హ్యాంగ్ అయితే కార్ట్ మెనూలో యాడ్ఆన్‌లతో (అదనపు సౌకర్యాలతో) కాకుండా, అవేమీ లేని క్లీన్ బూట్‌లో పెట్టి చూడండి, చాలావరకు అక్కడే తేలిపోతుంది. పోకెమాన్‌లో "1ఎం సబ్ సర్క్యూట్ బోర్డ్" లేదని మెసేజ్ వస్తే కార్ట్ ఖరాబైనట్టు కాదు, సేవ్ టైప్ తప్పుగా పడ్డట్టు. దాన్ని 128 కేబీ ఫ్లాష్‌కు మార్చండి.

ఆన్ చేస్తే గేమ్‌బాయ్ అక్షరాలు వచ్చి, కింద నింటెండో అని రాకుండా ఆగిపోతే కార్ట్‌ను తిప్పి పంపే ముందు స్లాట్ పిన్నులు తుడవండి. పాత మెషీన్లలో దుమ్ము, తుప్పు మామూలే. సెల్ రిపేర్ చేసేవాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జర దూదిపుల్లకు అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే కార్ట్ పెట్టండి. మెడికల్ షాపు స్పిరిట్ వద్దు, అందులో నీళ్లు కలిసి ఉంటాయి.