నాన్న సూరత్‌లోనే ఉన్నాడని చెప్పాం, ఇప్పుడెలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. సూరత్‌లో మరమగ్గాల పనికెళ్లిన మా అన్నయ్య రెండు నెలల క్రితం అక్కడే గుండెపోటుతో పోయాడు. ఏడేళ్ల కొడుక్కి చెప్పలేదు. కార్యాలయ్యేదాకా పాతపట్నంలో అమ్మమ్మగారింట్లో ఉంచాం. ఫొటో కూడా బీరువాలో దాచాం. ఈమధ్య వాడు పక్క తడుపుతున్నాడు, కడుపునొప్పంటూ బడి మానేస్తున్నాడు. పదిహేనేళ్ల కూతురు మాత్రం ఒక్కసారీ ఏడవలేదు. ఏం చేయాలి?

జవాబు: బాబుకి సగం విషయం ఇప్పటికే తెలిసి ఉంటుందని నా అనుమానం. నాన్న ఫోన్ రావడం లేదు. తను గదిలోకి రాగానే పెద్దవాళ్లు మాట మారుస్తున్నారు. అడిగితే అమ్మ ఏడుస్తుందని అడగడు. ఆ టెన్షనే కడుపునొప్పిగా, పక్క తడపడంగా బయటపడుతుండొచ్చు. అయినా ఒకసారి మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి. బెంగే కదా అని వదిలేస్తే అసలు జబ్బేదైనా ఉంటే తెలియకుండా పోతుంది. తడిపినందుకు మాత్రం తిట్టొద్దు.

నిజం ఈ వారమే చెప్పండి. వాళ్లమ్మ చెబితే మేలు, మీరు పక్కన కూర్చోండి. "నాన్న గుండె ఆగిపోయింది. చనిపోయాడు. ఇక తిరిగి రాడు." ఇంతే. "నిద్రపోయాడు" అనొద్దు, అలా విన్న కొందరు పిల్లలు పడుకోవడానికే భయపడతారు. ఫోన్లో సైకిల్ కోసం మారాం చేశాను, అందుకే పోయాడేమో అనుకునే వయసిది. వాడు అడక్కపోయినా "నీవల్ల కాదు నాన్నా" అని చెప్పండి. ఇన్నాళ్లూ దాచినందుకు తప్పు మాదేనని ఒప్పుకోండి. ఏడ్చి, పది నిమిషాలకే ఆటకు పరుగెడితే కంగారు పడకండి, పిల్లల దుఃఖం విడతలుగా వస్తుంది. రేపు మళ్లీ అదే అడుగుతాడు, మళ్లీ అదే చెప్పాలి. ఫొటో బయటపెట్టండి. వచ్చే మాసికానికి, వాడికి ఇష్టమైతే, వాడి చేతే పూలు పెట్టించండి. బడిలో మాస్టారికీ చెప్పి ఉంచండి.

నాకు ఎక్కువ ఆలోచన అమ్మాయి గురించే. ఏడవకపోవడం జబ్బేం కాదు. కానీ తమ్ముడి ముందు ఏడిస్తే గుట్టు బయటపడుతుంది, ఇక ఎక్కడ ఏడుస్తుంది? పైగా "అమ్మనీ తమ్ముణ్ణీ నువ్వే చూసుకోవాలమ్మా" అని పరామర్శకొచ్చిన ప్రతివాళ్లూ అనే ఉంటారు. ఆ మాట ఇక ఎవర్నీ అననివ్వకండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పదు. కూరలు తరుగుతున్నప్పుడో, బజారుకు నడుస్తున్నప్పుడో అన్నయ్య మాట మీరే ఎత్తండి. తిండీ నిద్రా వారాల తరబడి తగ్గినా, చదువు వదిలేసినా బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. "నేనూ పోతే బాగుండు" అంటే మాత్రం ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రయినా, పగలయినా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.