ఫార్మాట్ కొట్టే ముందు

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాను. తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తుంటాను. డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘ల్యాప్‌టాప్ పనిచేస్తూ పనిచేస్తూ ఆగిపోతోంది, ఏం చేస్తారు?’ అని అడిగారు. ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేస్తానన్నాను. అక్కడితో ముగించారు. ఏదైనా కోర్సు చేయాలా?

జవాబు: మీ మాట వినగానే ఎదుటివారికి ఒకటే అనుమానం వచ్చి ఉంటుంది: అందులో ఆఫీసు జీతాల లెక్కలుంటే? చెడిపోతున్న డిస్క్‌ను ఫార్మాట్ చేస్తే ఫైళ్లు పోతాయి, జబ్బు మాత్రం మిగులుతుంది.

తప్పు విండోస్‌దా, హార్డ్‌వేర్‌దా అన్నది ముందు తేల్చాలి. దానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. పేరున్న కంపెనీల ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో పరీక్షించే ప్రోగ్రాం ముందే ఉంటుంది. విండోస్ లేవకపోయినా అది నడుస్తుంది. డెల్ అయితే ఆన్ చేయగానే ఎఫ్12 నొక్కి డయాగ్నొస్టిక్స్ ఎంచుకోవాలి. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి, తర్వాత ఎఫ్2. ఛార్జర్ తగిలించే మొదలుపెట్టండి.

అది చూపే కోడ్‌లోనే అసలు సమాచారం ఉంటుంది. డెల్‌లో 2000-0142 వస్తే డిస్క్ తన స్వీయ పరీక్షలోనే తప్పిందని అర్థం. అప్పుడు చేయవలసిన మొదటి పని డేటా కాపీ చేసుకోవడం, మిగతావన్నీ తర్వాతే. హెచ్‌పీ ఏకంగా 24 అక్షరాల ఐడీ ఇస్తుంది. ఫోనుతో ఫోటో తీసుకోండి, చేత్తో రాసుకుంటే ఒక అక్షరమైనా తప్పుతుంది. వారంటీ ఉన్న యంత్రానికి ఆ కోడ్ చెబితే సర్వీసువారితో సగం వాదన తప్పుతుంది.

ర్యామ్ మీద అనుమానముంటే విండోస్‌లోనే మెమరీ డయాగ్నొస్టిక్ ఉంది. యంత్రం రీస్టార్ట్ అయ్యి పరీక్ష జరుగుతుంది. ఫలితం కనబడలేదని కంగారుపడకండి, విండోస్ తనలో జరిగినవన్నీ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో నమోదై ఉంటుంది.

‘పాస్’ అని వస్తే అంతా బాగున్నట్టేనా? కాదు. వేడెక్కితేనే ఆగిపోయే ల్యాప్‌టాప్ చిన్న పరీక్షలో చాలా బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. మీకు వచ్చిన ప్రశ్న సరిగ్గా ఇలాంటిదే. అందుకని ఎంతసేపటికి ఆగుతోంది, అప్పుడు ఫ్యాన్ మోత ఎలా ఉంది అని వాడేవారిని అడిగి, దీర్ఘ పరీక్ష పెట్టాలి. అది గంటలు పట్టవచ్చు. దుమ్ము పట్టిన ఫ్యాన్‌ను ఏ కోడూ చెప్పకపోవచ్చు, కళ్లతో చూడాల్సిందే.

ఇక కోర్సు సంగతి. డిగ్రీ ఉంది, చెయ్యి తిరిగింది కనుక వేలకు వేలు పోసి ఇన్‌స్టిట్యూట్‌లో చేరమని నేను చెప్పను. కాంప్‌టియా సంస్థ కంప్యూటర్ సపోర్ట్ పనివారికి ఇచ్చే ఏ ప్లస్ సర్టిఫికెట్‌కు రెండు పరీక్షలుంటాయి, కొత్తవారికి ఫీజు బరువే. దాని సిలబస్ మాత్రం ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ముందు అది చదవండి. యంత్రంలో లోపం వెతకడానికి అందులో చెప్పిన క్రమంలో చివరి మెట్టు, చేసిన పనిని రాసిపెట్టడం. ఇకపై మీ దగ్గరకు వచ్చే ప్రతి ల్యాప్‌టాప్‌కూ ఒక పేజీ కేటాయించండి: లక్షణం, పరీక్ష, కోడ్, మార్చిన భాగం. ఇరవై పేజీలు నిండాక ఆ పుస్తకాన్ని వచ్చే ఇంటర్వ్యూకు వెంట తీసుకెళ్లండి.