ఆ కిట్టు ఆర్డరు క్యాన్సిల్ చెయ్యి, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

మీ మావయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. నువ్వు బ్రాడీపేటలో అద్దెకున్న మేడ మీద గదిలో చెక్కపని మొదలుపెడుతున్నావని అక్క ఫోన్ చేసి చెప్పింది. "ఆఫీసు నుంచి వచ్చి తిని పడుకోక ఈ చెక్కలతో కుస్తీ ఏమిట్రా వీడికి" అని టెన్షన్ పడుతోంది. పేకాట కన్నా నయమే కదక్కా అన్నాను. ఆ తర్వాత నువ్వు పంపిన ఫొటో చూశాను. నల్ల ప్లాస్టిక్ పెట్టె, అందులో అరవై పనిముట్లు, మొత్తం కలిపి 4,999 రూపాయలు. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ అరవైలో నీకు కావలసినవి ఆరేడు. సరిగ్గా ఆ ఆరేడే అందులో పనికిరానివి. మిగతావన్నీ పెట్టె నిండుగా కనపడడానికి.

నేను బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని నేర్చుకున్నానని నీకు తెలుసు. అప్పట్లో ఉలి కొనేవాళ్లం కాదు. విరిగిన లారీ కమాన్ పట్టీ ముక్క తీసుకెళ్లి కమ్మరికిస్తే కొలిమిలో కాల్చి కొట్టి ఇచ్చేవాడు. దెబ్బలకి అది రాయిలా నిలబడేది, కానీ అంచు తొందరగా పోయేది. మొదటి జీతంలో కొంత మిగిల్చి దుకాణంలో తళతళలాడే ఉలి ఒకటి కొన్నాను. టేకు ముక్కలో కణుపు తగలగానే దాని అంచు వంకర తిరిగింది. విరిగినా బాగుండేది, వంకర తిరిగింది! మా మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని, "పైన పూతకి డబ్బులిచ్చావురా, లోపల ఉక్కుకి ఇవ్వలేదు" అన్నాడు. ఆ నెల టీ కూడా మానేసి డబ్బు కూడబెట్టి ఇంకో ఉలి కొన్నాను. అరంగుళం ఉలి, నల్లగా, చూడ్డానికి ఏమీ ఉండదు. ఇప్పటికీ నా దగ్గరుంది. నూరగా నూరగా పొడవు సగానికి వచ్చింది.

మన దగ్గర ఉక్కుకి పరీక్ష పెట్టేది చెక్కే. టేకులో కంటికి కనపడని సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అందుకే టేకు మీద ఎంత మంచి అంచైనా త్వరగా మొండిబారుతుంది, నాసి ఉక్కు గంట కూడా ఆగదు. దీనికి పూర్తిగా ఎదురు కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి. అది మెత్తన, గోరు గుచ్చితే దిగుతుంది. "మెత్తటి చెక్కకి పదునెందుకులే" అనుకుంటారు. నిజానికి పదును ఎక్కువ కావలసింది దానికే. మొండి ఉలితో పొణికి కొసని అడ్డంగా కోసి చూడు, నార తెగకుండా నలిగి పిండిలా రాలుతుంది. పదునైన ఉలి పెడితే అదే కొస మైనం రాసినట్టు మెరుస్తుంది. టేకు ఉక్కు గుట్టు చెబుతుంది, పొణికి నీ నూరుడు గుట్టు చెబుతుంది.

అందుకే ముందు కొనాల్సింది ఉలి కాదు, సానరాయి. ఎవడూ నమ్మడు ఈ మాట. నీ దగ్గర పదివేలు ఉంటే అందులో మూడో వంతు రాయికి పెట్టు. ఒక వైపు గరుకు, ఇంకో వైపు నునుపు ఉండే కార్బొరండం రాయితో మొదలుపెట్టొచ్చు, తప్పు లేదు. కుదిరితే నీళ్లతో నూరే రాళ్లు రెండు తీసుకో, గరుకుది 1000 నంబరు ఒకటి, నున్ననిది 6000 నంబరు ఒకటి. వాటితో పని చులాగ్గా అవుతుంది, కాకపోతే మధ్యలో పల్లం పడతాయి, అప్పుడప్పుడు అద్దం మీద గరుకు కాగితం పరిచి రాయినే చదును చేసుకోవాలి.

కొత్త ఉలి ఎంత ఖరీదుదైనా సగం పనిముట్టే. మిగతా సగం నువ్వు చెయ్యాలి. ముందు వెనకవైపు, అదే ఏటవాలు లేని వైపు, రాయి మీద పరిచి అంచు దగ్గర అద్దంలా మెరిసేదాకా రుద్దు. విసుగొస్తుంది, ఓ సాయంత్రం పోతుంది. ఉలికి జీవితంలో ఒక్కసారే ఆ పని. తర్వాత వాలు. 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలంటారు గానీ కోణమాపకం పెట్టి ఎవరూ కొలవరు. ఉలి మందానికి వాలు పొడవు రెండింతలుంటే అది 30 డిగ్రీలు, స్కేలుతో చూసుకో. నూరుతుంటే వెనకవైపు అంచు వెంబడి సన్నగా గీరుకున్నట్టు వేలికి తగులుతుంది. అది ఒక కొస నుంచి ఇంకో కొసదాకా వచ్చిందంటే ఈ వైపు నూరింది చాలు. వెనక తిప్పి రెండుసార్లు లాగి, పాత తోలు బెల్టు మీద పదిసార్లు వెనక్కి లాగు. వేలితో చూసేటప్పుడు అంచుకి అడ్డంగా తడుముకో, అంచు వెంట పొడుగ్గా మాత్రం పోనివ్వకు.

ఒక్క సంగతి. తొందరపడి కరెంటు సాన చక్రం దగ్గరికి వెళ్లకు. నేనొకసారి మేస్త్రి లేనప్పుడు వెళ్లి నొక్కిపట్టాను. అంచు నీలం రంగు తిరిగింది, చూడముచ్చటగా ఉందనుకున్నాను కూడా. నీలం వచ్చిందంటే ఆ మేరకి ఉక్కు చేవ చచ్చినట్టే. ఆ నీలమంతా పోయేదాకా చేత్తో నూరేసరికి రెండు రోజులు పట్టింది. నెత్తిన మొట్టికాయలు సరేసరి.

ఉలులు మూడు చాలు: పావంగుళం, అరంగుళం, ఒక అంగుళం. ఆరింటి సెట్టు చవకని కొంటే మూడు ఖాళీగానే ఉంటాయి.

చెక్కని చదునుగా, నున్నగా తీసే చిత్రిక విషయంలో మాత్రం తొందరపడకు. ఇనుప చిత్రికలకి అమెరికాలో స్టాన్లీ కంపెనీ పెట్టిన నంబర్లే ఇప్పుడు ఎవరు తయారుచేసినా వాడుతున్నారు. 4 నంబరు చిన్నది, నున్నగా తేల్చడానికి. 5 నంబరు పద్నాలుగు అంగుళాలు. ఒక్కటే కొనాలంటే నేను 5 కొంటాను. కొనేముందు అడుగున స్కేలు నిలబెట్టి వెలుతురుకి ఎత్తి చూడు, మధ్యలో వెలుగు కారిందంటే కింద పెట్టేసి వచ్చెయ్. వన్‌టౌన్ దుకాణాల్లో అలా చూస్తే కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మూల సరిగ్గా 90 డిగ్రీలుందో లేదో చూసే మూలమట్టం కూడా అక్కడే పరీక్షించు. తిన్నని అంచున్న చెక్క మీద మట్టం ఆనించి గీత గీయి. మట్టాన్ని తిరగేసి అదే చుక్క నుంచి మళ్లీ గీయి. రెండు గీతలూ ఒకటైతే కొను. చీలిపోతే, ఆ చీలిక అసలు తప్పుకి రెట్టింపు.

రంపం: ఇప్పుడొచ్చే వాటికి పళ్ల కొసలు నల్లగా కనపడితే అవి గట్టిపరిచినవి. ఆకురాయి వాటిని కొరకదు, మొండిబారితే పారెయ్యడమే. మొదట్లో అలాంటిది కొనుక్కో, ఫర్వాలేదు. రంపం నూరడం నువ్వు ఇంకో ఏడాది ఆగి నేర్చుకోవచ్చు.

కొయ్య సుత్తి కొనవద్దు. చింత చేవ ముక్క నా దగ్గరుంది, నువ్వే చేసుకో.

ఇంకో మాట. మంచి ఉక్కుకి తుప్పు పట్టదనుకోకు, పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు నా పెట్టె రోజుల తరబడి నీళ్లలో ఉంది. తీసేసరికి అన్నీ ఎర్రగా ఉన్నాయి. ఎవరో ఇచ్చిన చవక సెట్టు ఒకటుండేది, దాని పిడులు ఊడి చేతిలోకి వచ్చాయి, పాత ఇనుముకి వేశాం. నా నల్ల ఉలులకి కిరసనాయిలు పట్టించి, రుద్ది, వెనకలు మళ్లీ చదును చేసి, పిడులు కొత్తవి వేశాను. మీ అత్త ఇల్లు కడుగుతుంటే నేను ఉలులు కడుగుతున్నానని ఇప్పటికీ దెప్పుతుంది. నువ్వు రోజూ పని అయ్యాక మిషన్ నూనె గుడ్డతో ఒకసారి తుడిస్తే చాలు, వానాకాలం మాత్రం మరవకు.

ఆ కిట్టు ఆర్డరు ఇంకా బయల్దేరకపోతే ఈ రాత్రే క్యాన్సిల్ చెయ్యి. శనివారం అరంగుళం ఉలి ఒక్కటి కొనుక్కుని ఆదివారం పొద్దున్నే వచ్చెయ్. రాళ్లు నావే వాడదాం, పొణికి ముక్క తెప్పించి పెడతాను. బస్సులో తెచ్చేటప్పుడు ఉలి అంచుకి అట్టముక్క చుట్టి దారం కట్టు, ఊరికే బ్యాగులో పడెయ్యకు.

మీ మావయ్య