టెక్ సందేహాలు: వీడియోకాల్‌లో పార్కిన్సన్స్ వ్యాయామం.. ముందు పాదాలు కనపడాలి

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. అమ్మతో తెనాలిలో ఉంటారు. పార్కిన్సన్స్ (చేతులు వణికి, కదలికలు మందగించే నరాల జబ్బు) వచ్చి నాలుగేళ్లయింది. వ్యాయామం తప్పనిసరి అని న్యూరాలజిస్టు చెప్పారు కానీ ఈ జబ్బు మీద అనుభవమున్న ఫిజియోథెరపిస్టు (ఫిజియో) దగ్గర్లో దొరకలేదు. హైదరాబాద్‌లో ఒకరు వారానికి మూడు రోజులు వీడియోకాల్‌లో చేయిస్తామన్నారు. నేను డల్లాస్‌లో ఉంటాను. టాబ్లెట్, స్మార్ట్‌వాచ్, గేమ్స్ ఉండే సైకిల్.. వీటిలో ఏవి కొని పంపాలి? అసలు ఇలా చేస్తే ఫలితం ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ. నెదర్లాండ్స్‌లో రాడ్‌బౌడ్ యూనివర్సిటీకి చెందిన న్యూరాలజిస్టు బాస్ బ్లూమ్ బృందం, జబ్బు ఇంకా ముదరని 130 మందితో ఆరు నెలలపాటు ఇళ్లలోనే వ్యాయామం చేయించింది. కొందరికి గేమ్స్ ఉన్న స్టేషనరీ సైకిల్ ఇచ్చారు, మిగతావాళ్లతో స్ట్రెచింగ్ చేయించారు. వారానికి మూడుసార్లు, అరగంట నుంచి ముప్పావు గంట. పర్యవేక్షణ దూరం నుంచే. 2019లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, మందు ప్రభావం లేని వేళలో కొలిచిన కదలికల స్కోరులో రెండు వర్గాల మధ్య 4.2 పాయింట్ల తేడా సైకిల్ తొక్కినవాళ్లకు అనుకూలంగా ఉంది. జబ్బు నయమైందని కాదు, లక్షణాలు స్ట్రెచింగ్ వాళ్లకు పెరిగినంతగా వీళ్లకు పెరగలేదు. అయితే వాళ్లకు సైకిల్ ఇచ్చి వదిలేయలేదు, వెనక ఉండి చూసుకునేవాళ్లు ఉన్నారు. అందుకే డబ్బు ముందు ఫిజియో ఫీజుకు పెట్టండి, సైకిల్ సంగతి ఆయనా డాక్టరూ చూసి చెప్పాక ఆలోచిద్దురుగాని. తొక్కమంటే మామూలు స్టేషనరీ సైకిల్ చాలు. తూలడం ఉంటే వెనక్కి ఆనుకునే సీటున్నది తీసుకోండి.

టాబ్లెట్ కూడా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఫోనో లాప్‌టాపో చాలు, కాకపోతే అది ఎక్కడ పెడతారన్నదే అసలు విషయం. చాలామంది డైనింగ్ టేబుల్ మీద నీళ్ల సీసాకు ఆనించి పెట్టేస్తారు, అప్పుడు ఫిజియోకు నడుము పైభాగమే కనిపిస్తుంది. ఈ జబ్బులో చూడాల్సింది పాదాలు: అడుగు లేస్తోందా, ఈడుస్తున్నారా, తిరిగేటప్పుడు కాళ్లు నేలకు అతుక్కుపోతున్నాయా. కాబట్టి ట్రైపాడ్ మీద, నడుము ఎత్తులో, ఫోన్ అడ్డంగా తిప్పి, తల నుంచి మడమల దాకా పడేంత దూరంలో పెట్టించండి. వెనక కిటికీ ఉంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తారు, కాబట్టి వెలుతురు ఎదురుగా పడాలి. లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపితే నాన్నగారికి ఫిజియో పెద్దగా కనిపిస్తారు. కేబుల్ గోడ పక్కనుంచి పోవాలి, నడిచే దారిలో వద్దు. డోర్‌మ్యాట్లు, చాపలు కూడా తీసేయించండి.

ఇంకొకటి, నడకకు తాళం. లయకు అడుగు వేస్తే చాలామందికి కాళ్లు బాగా కదులుతాయి, అందుకే ఫిజియో చప్పట్లు కొడతారు, లెక్క పెడతారు. కానీ నెట్‌లో ఆ చప్పుడు ఒకసారి ముందు, ఒకసారి వెనక వచ్చి లయ దెబ్బతింటుంది. అందుకని మెట్రోనోమ్, అంటే లయగా టిక్ టిక్‌మని మోగేది, నాన్నగారి ఇంట్లోనే మోగాలి. అమ్మగారి ఫోన్‌లో గూగుల్ తెరిచి మెట్రోనోమ్ అని వెతికితే అక్కడే వచ్చేస్తుంది, నిమిషానికి ఎన్ని దెబ్బలో మాత్రం ఫిజియోనే అడగండి. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోతుంటే నేల మీద అడ్డంగా రంగు టేపు గీతలు అంటించి వాటిని దాటుతూ నడవమంటారు, టైల్స్ మధ్య గీతలు ఉంటే అవీ పనికొస్తాయి.

కాల్ తెగిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి. స్క్రీన్ ఆగిపోయిందంటే నాన్నగారు ఎక్కడివాళ్లు అక్కడ ఆగి, పక్కనే ఉన్న కుర్చీలో కూర్చోవాలి, ఇదొక్కటీ మొదటి రోజే అలవాటు చేయాలి. అమ్మగారు చేయి అందేంత దగ్గర్లో ఉండాలి, ఫోన్ పట్టుకుని నిలబడే పని ఆమెకు పెట్టొద్దు. పక్కింటివాళ్ల నంబరు ఫిజియో దగ్గర ఉండాలి. కరెంటు పోయే ఊరైతే రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనండి, స్మార్ట్‌వాచ్ కన్నా అదే ఎక్కువ ఉపయోగం. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు కాల్ ఆగిపోతుంది, ఇద్దరే మాట్లాడుకునే కాల్‌కు గూగుల్ మీట్‌లో ఆ ఇబ్బంది లేదు.

టైమ్ ఎంచుకునేటప్పుడు మీ డల్లాస్ టైమ్ కాదు, ఆయన మాత్ర టైమ్ చూడండి. లెవోడోపా (పార్కిన్సన్స్‌కు ఇచ్చే మందు) బాగా పనిచేసే వేళకే క్లాసు పెట్టించండి. నాన్నగారికి ఏ గంటకు ఒళ్లు తేలికగా ఉందో అమ్మగారు వారం రోజులు రాసి ఫిజియోకు చెబితే సరిపోతుంది. మొదటిసారి మాత్రం ఎంత కష్టమైనా నేరుగా చూపించాల్సిందే. వెనక నిలబడి భుజాలు లాగి, తూలకుండా నిలదొక్కుకోగలరా అని చూసే పరీక్ష కెమెరాలో కుదరదు. నిలబడినప్పుడు బీపీ పడిపోతోందేమో కూడా అప్పుడే చూస్తారు.

ప్రశ్న: పార్కిన్సన్స్ వల్ల అమ్మకు గొంతు బాగా చిన్నదైపోయింది. స్పీచ్ థెరపిస్టు జూమ్‌లో చేయిస్తున్నారు. ఆ థెరపిస్టేమో గొంతు బాగానే వినిపిస్తోందంటారు, మాకేమో పక్క గదిలోకి కూడా వినపడదు. -కరీంనగర్

జవాబు: మీరు విన్నదే నిజం. గొంతు తగ్గితే జూమ్ తనంతట తానే మైకు పెంచేస్తుంది, అంటే థెరపిస్టు వింటున్నది సాఫ్ట్‌వేర్ సవరించిన గొంతు. లాప్‌టాప్‌లో జూమ్ సెట్టింగ్స్‌లో ఆడియోకు వెళ్లి మైక్రోఫోన్ వాల్యూమ్ ఆటోమేటిక్‌గా సర్దుబాటు చేసే టిక్ తీసేయండి, ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్ అన్నది ఆన్ చేయండి. దాంతోపాటు ఇంకో ఫోన్‌లో ఏదైనా సౌండ్ మీటర్ యాప్ వేసి, రోజూ నోటికి ఒకే దూరంలో, ఉదాహరణకు అడుగు దూరంలో, పెట్టి ఆ అంకె థెరపిస్టుకు చెప్పండి. యాప్ చూపే డెసిబెల్స్ కచ్చితం కాకపోయినా, అదే ఫోన్, అదే దూరం కాబట్టి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది.

ప్రశ్న: పార్కిన్సన్స్ ఉన్న మా బాబాయి కుర్చీలో కూర్చునే ఉంటారు, వాచ్ మాత్రం వేల అడుగులు నడిచినట్టు చూపిస్తోంది. పాడైందా? -అనకాపల్లి

జవాబు: పాడవలేదు. చేతి వణుకును అది నడక అనుకుంటోంది. కాళ్లు ఈడుస్తూ నెమ్మదిగా నడిస్తే నిజం అడుగుల్ని వదిలేస్తుంది కూడా. వణుకు తక్కువున్న చేతికి మార్చి చూడండి. గుండె వేగమూ మణికట్టు కదులుతుంటే తప్పు చూపిస్తుంది, కావాలంటే ఛాతీకి కట్టుకునే బెల్ట్ నయం. ఆయన ప్రొప్రనలాల్ లాంటి, గుండె వేగాన్ని తగ్గించే మాత్ర వాడుతుంటే వ్యాయామంలో గుండె వేగం పెద్దగా పెరగదు. వాచ్ చూపే టార్గెట్ అందలేదని ఆయన్ను ఇంకా గట్టిగా చేయమని తొందరపెట్టకండి, ఎంత వేగం దాకా వెళ్లొచ్చో డాక్టర్నే అడగండి.