పొడి కలుపుకొనే ముందు ఈ ఉత్తరం చదువు

అనంతపురం

చిరంజీవి మేనల్లుడికి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

మీ నాన్నకు నువ్వు పంపిన ఆకుల పచ్చపొడి డబ్బా అందింది. మూత తీయనివ్వకుండా తెచ్చి నా బీరువాలో పెట్టాను. కర్నూలులో నువ్వు కూడా రోజూ పొద్దున అదే పొడి నీళ్లలో కలుపుకొని తాగుతున్నావని, ఇక ఆకుకూరలతో పని లేదన్నావని మీ అమ్మ చెప్పింది. ఫోనులో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు మీ నాన్న సంగతి. గుండె కవాటం మార్చినప్పటి నుంచి ఆయన వార్ఫరిన్ మాత్ర వేసుకుంటున్నారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కె విటమిన్‌కు అడ్డుపడటమే ఆ మాత్ర పని. ఆకుల్లో దండిగా ఉండేది ఆ కె విటమినే. అలవాటు లేని ఆకుపొడి ఉన్నట్టుండి రోజూ లోపలికి వెళితే మాత్ర పట్టు సడలుతుంది, కవాటం దగ్గర గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. అలాగని ఆయన ఆకుకూరలు మానాలని కాదు. పథ్యం పేరుతో చారులో కొత్తిమీర కూడా వేయనివ్వని ఇళ్లు నేను చూశాను, అదీ తప్పే. రోజూ ఇంచుమించు ఒకే కొలతలో తింటూ ఉంటే ఆ తిండికి తగ్గట్టు డాక్టరు మాత్ర మోతాదు కుదురుస్తారు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలో తేడా తెలుస్తూనే ఉంటుంది. మీ అమ్మ వంటకు ఆ లెక్క ఇప్పుడు కుదిరి ఉంది. దాన్ని కదిలించవద్దు. ఈసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నువ్వే డాక్టరును అడుగు, నా మాట మీద నడవనక్కరలేదు.

ఇక నీ సంగతి. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా ఊళ్లు తిరిగినదాన్ని కదా, ఏ పొట్లం చేతికి వచ్చినా ముందు వెనకవైపు చదువుతాను. నీ డబ్బా మీద స్కూపుకు 10 గ్రాములని ఉంది. అందులో "ఆకుల మిశ్రమం 7 గ్రాములు" అని ఒకే అంకె వేసి, దాని కింద 25 పేర్లు వరుసగా అచ్చేశారు. బార్లీగడ్డి, గోధుమగడ్డి, స్పిరులినా అనే నాచు, పాలకూర, అశ్వగంధ, ఇంకా ఏవేవో. ఏది ఎంత వేశారో లేదు. సమానంగా పంచారనుకున్నా ఒక్కొక్కటి 280 మిల్లీగ్రాములు, చిటికెడు. బరువు ఎక్కువున్న పదార్థాన్ని ముందు, తక్కువున్నదాన్ని తర్వాత రాయాలన్నది నిబంధన. ఆ వరుసలో మునగాకు దాదాపు అట్టడుగున ఉంది. డబ్బా ముందువైపు నిగనిగలాడుతున్న బొమ్మ మాత్రం మునగ రెమ్మదే!

పొడి దండగ అని కొట్టిపారేయను. తాజా ఆకులో నూటికి 85 నుంచి 90 పాళ్లు నీళ్లే కాబట్టి, ఆరబెడితే గుప్పెడాకు చెంచాడవుతుంది, కాల్షియం, ఇనుము లాంటి ఖనిజాలు చాలావరకు అందులోనే ఉంటాయి. పోయేది సి విటమిన్. పీచు కూడా నీ డబ్బాలో స్కూపుకు 2 గ్రాములకు లోపే, మనిషికి రోజుకు కావలసింది 30 గ్రాముల దాకా. స్పిరులినాలో బి12 ఉందని గొప్పగా రాశారు గానీ, అందులో ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని రూపంలో ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లు రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినాలంటుంది. అది ఒక మాదిరి కట్ట. ఆ డబ్బా ఖరీదుతో నెల పొడుగునా ఆకుకూరలు కొన్నా ఇంకా డబ్బు మిగులుతుంది.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. పొడి కొన్నది పోషకాల కోసమా, ఆకు వలిచే పని తప్పుతుందనా? రెండోదే అయితే దానికి వేరే దారులున్నాయి.

సి.క్యాంపు రైతుబజారుకు వారానికి రెండుసార్లు వెళ్లు, పొద్దున్నే. ఎండెక్కిన తర్వాత కర్నూలు ఎండకు ఆకు గంటలో వాడిపోతుంది, నీళ్లు చల్లి నిలబెట్టిన కట్టకు పైన పచ్చదనం ఉన్నా లోపల కాడలు జిగురుగా ఉంటాయి. కట్ట విప్పి చూడు, అమ్మే ఆమె కసిరితే కసరనీ. ఆకు ఎక్కడ పండిందో కూడా అడుగు. పట్టణం అంచున మురుగుకాలువ నీళ్లతో పెంచిన ఆకు మరీ నవనవలాడుతూ ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు.

కడగడం చాలామందికి రాదు. వెడల్పాటి గిన్నె నిండా నీళ్లు పోసి, ఆకును ముంచి, కాసేపు కదపకుండా ఉంచి, రెండు చేతులతో పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్లు పారబోస్తే అడుగున పేరుకున్న ఇసుక మళ్లీ ఆకు మీదకే వస్తుంది. ఇసుక కనబడనంత వరకు నీళ్లు మార్చు. తరగడం కడిగిన తర్వాతే, ముందు తరిగితే సి విటమిన్, ఫోలిక్ ఆమ్లం నీళ్లలో కలిసి పోతాయి. నిల్వ పెట్టేది మాత్రం కడగకుండా వేళ్లు కోసి, పాత పంచె గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టు. తోటకూర, మెంతికూర రెండు మూడు రోజులు ఉంటాయి. చుక్కకూర ఆగదు, తెచ్చిన రోజే వండు.

వంటంటే భయపడకు, పుల్లగూర ఉంది. తోటకూర, గుప్పెడు చుక్కకూర, నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిగడ్డ, ఒక టమాటా, కుక్కరులో అరగ్లాసు నీళ్లు, ఒక విజిల్. నీళ్లు పారబోయకుండా ఉప్పు వేసి పప్పుగుత్తితో ఎనుపు. వేరుశనగ నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు వేయి. తాలింపు రుచికే అనుకోవద్దు, ఆకులోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. మీ వీధిలో రొట్టెలు అమ్మేచోట రెండు జొన్నరొట్టెలు తెచ్చుకుంటే భోజనం అయిపోయినట్టే. చుక్కకూర దొరకకపోతే చివర నిమ్మకాయ పిండు, ఆకులోని ఇనుమును ఒళ్లు పట్టుకోవడానికి పులుపు సాయం చేస్తుంది. తిన్న వెంటనే టీ తాగే నీ అలవాటు ఆ ఇనుమును పట్టనివ్వదు. గంట ఆగి తాగు.

ఊరు తిరిగే రోజుల్లో, ఆకు ధర మండిపోయే ఎండాకాలంలో పొడి వాడుకో, తప్పు లేదు. మనకూ పొడి ఉంది కదా. మునగాకును నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టి, వేయించిన వేరుశనగ గుళ్లు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు వేసి దంచుకుంటే నెల రోజులు ఉంటుంది. ఎండలో పెడితే రంగుతోపాటు కెరోటిన్ కూడా పోతుంది, అందుకే నీడ. కొనాలనుకుంటే ఒకే ఆకుతో చేసిన పొడి కొను, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడు. పాతిక పేర్లున్నది వద్దు.

నీ గదిలో ఉండే అబ్బాయికి మూత్రపిండంలో రాయి వచ్చిందన్నావు. అతణ్ణి పచ్చి పాలకూర రసం తాగనివ్వకు. పాలకూర, బచ్చలి, చుక్కకూరల్లో రాయి కట్టడానికి తోడయ్యే ఆక్సలేట్లు ఎక్కువ. అతనికి వేరే గిన్నెలో మెంతికూర పప్పు వండు. వలిచే పని మాత్రం అతనికే అప్పగించు, మెంతికూర వలవడానికి చాలాసేపు పడుతుంది.

ఇట్లు,
మీ అత్త