వాంతి భయంతో రోజూ మాత్రా? ముందు బరువు సంగతి చూడాలి

ప్రశ్న: నా వయసు 26. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పటి నుంచీ వాంతి అంటే విపరీతమైన భయం. ఏడాదిగా రోజూ పొద్దున్నే కడుపులో తిప్పుతోంది, వాంతి మాత్రం ఒక్కసారీ కాలేదు. బయట తినడం మానేశాను. 57 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 49. ఆఫీసుకు బయల్దేరేటప్పుడు వాంతి రాకుండా ఓండాన్‌సెట్రాన్ 4 ఎంజీ మాత్ర వేసుకుంటాను. ఆదివారం ఇంట్లోనే ఉంటాను కాబట్టి అది వేసుకోను. పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన గ్యాస్ మాత్ర రోజూ పరగడుపున వాడుతున్నాను. రెండు నెలలుగా నెలసరి రాలేదు. వచ్చే నెల తమ్ముడి పెళ్లికి బస్సులో శ్రీకాకుళం వెళ్లాలి. ఇంతకంటే పవర్‌ఫుల్ మాత్ర ఏదైనా చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మాత్ర సంగతి తర్వాత. మీరు మధ్యలో తేలిగ్గా రాసేసిన రెండు మాటలే నాకు ముఖ్యం: 8 కిలోలు తగ్గడం, నెలసరి ఆగడం. ఎత్తెంతో, పెళ్లయిందో లేదో రాయలేదు. ఏదైనా సరే, తమ్ముడి పెళ్లి దాకా ఆగకుండా ఈ వారమే ఫిజీషియన్‌ను కలవండి.

మొదట యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్. అది నెగెటివ్ అయితే తిండి తగ్గి నెలసరి ఆగి ఉండొచ్చు, థైరాయిడ్ కావొచ్చు, డోంపెరిడోన్ కూడా కావొచ్చు. ఈ మందు ప్రొలాక్టిన్ హార్మోన్‌ను పెంచుతుంది, దాంతో నెలసరి తప్పొచ్చు, కొందరికి రొమ్ముల్లో పాలు కూడా వస్తాయి. ప్రొలాక్టిన్ పరీక్ష రాస్తే ఈ మాత్ర వాడుతున్నట్టు తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే రిపోర్టులో అంకె పెద్దదిగా కనిపించి, అక్కర్లేని తల ఎంఆర్ఐ దాకా వెళ్తుంది. వీటితోపాటు సీబీపీ (రక్తకణాల పరీక్ష), షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), పొటాషియం, లివర్ పరీక్షలు, పొట్ట అల్ట్రాసౌండ్, ఒక ఈసీజీ అవసరం కావొచ్చు. ఎండోస్కోపీ కావాలో వద్దో మిమ్మల్ని చూసిన డాక్టరే తేల్చాలి.

ఈసీజీ ఎందుకంటే, ఓండాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ రెండూ గుండె లయను దెబ్బతీయగల మందులు. ఎప్పుడో ఒక మాత్రతో మామూలుగా ఏమీ కాదు. సరిగ్గా తినక పొటాషియం పడిపోయిన మనిషి రెండూ కలిపి రోజూ వేసుకుంటూ, మధ్యలో గొంతు నొప్పికి అజిత్రోమైసిన్, తెల్లబట్టకు ఫ్లుకోనజోల్ కూడా సొంతంగా మింగితే కథ వేరు. గుండె దడ వచ్చి కళ్లు తిరిగి పడిపోతే నేరుగా క్యాజువాలిటీకే వెళ్లాలి.

ఓండాన్‌సెట్రాన్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అయినా మెడికల్ షాపులో స్ట్రిప్పు అడిగితే చేతిలో పెడతారు, అక్కడే వస్తోంది చిక్కు. కీమోథెరపీ, ఆపరేషన్ల తర్వాతి వాంతులకు అది మంచి మందే. రోజూ వాడితే మలబద్ధకం తెస్తుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే పొట్ట బిగుస్తుంది, తిన్నది కిందికి దిగినట్టుండదు, కడుపులో తిప్పుతుంది. అప్పుడు మీరేం చేస్తారు? ఇంకో మాత్ర వేసుకుంటారు. ఇక పవర్‌ఫుల్‌గా కావాలంటే షాపతను మెటోక్లోప్రమైడ్ అనే ఇంకో వాంతి మందు ఇవ్వొచ్చు. మీ వయసు ఆడపిల్లల్లో దానివల్ల దవడ బిగుసుకుని, మెడ ఒక పక్కకు మెలితిరిగి, కళ్లు పైకి వెళ్లిపోవడం ఎక్కువ. ఇంజెక్షన్‌తో తగ్గుతుంది గానీ చూసేవాళ్లు ఫిట్స్ అనుకుంటారు. వద్దమ్మా.

అసలు ఓండాన్‌సెట్రాన్ వల్లే వాంతి ఆగుతోందని మీ నమ్మకం. మరి ఆదివారాల మాటేమిటి? ఆ రోజు వేసుకోవడం లేదు, అయినా వాంతి కాలేదు. పరీక్షలన్నీ బాగుంటే ఇది ఎమెటోఫోబియా, అంటే వాంతి భయం కావొచ్చు. భయంతో అడ్రినలిన్ పెరిగి కడుపు కదలిక మందగిస్తుంది, నోట్లో నీళ్లూరతాయి. ఖాళీ కడుపు దానికి తోడవుతుంది. మీరు కడుపునే గమనిస్తూ కూర్చుంటే చిన్న కదలిక కూడా వికారంగానే తోస్తుంది. బ్యాగులో స్ట్రిప్పు, మడిచి పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు ధైర్యమిస్తున్నట్టే ఉంటాయి, నిజానికి భయాన్ని బతికిస్తున్నవి అవే.

దీనికి చికిత్స సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే మానసిక చికిత్స. క్లినికల్ సైకాలజిస్టు దగ్గర మెట్లు మెట్లుగా సాగుతుంది: మొదట ‘వాంతి’ అనే మాట రాయడం, తర్వాత బొమ్మ చూడడం, శబ్దం వినడం, కవరు లేకుండా రెండు స్టాపులు వెళ్లడం, తోపుడు బండి దగ్గర ఒక ఇడ్లీ తినడం. ప్రతి మెట్టు దగ్గరా భయం దిగేదాకా ఆగాలి, మధ్యలో పారిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. యూట్యూబ్ చూసి ఒక్కరే మొదలుపెట్టకండి, గొంతులో వేలు పెట్టుకుని పరీక్షించుకోవడం అసలే వద్దు. ఎర్రగడ్డ అనగానే ముఖం చిట్లించకండి, అక్కడి మానసిక ఆస్పత్రిలో ఓపీకి వచ్చేవాళ్లలో మీలా ఉద్యోగాలు చేసుకునేవాళ్లూ ఉంటారు. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ ఉచిత నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

ఈలోగా మూడు పూటల తిండిని ఆరు చేయండి. లేచిన అరగంటలో గుప్పెడు మరమరాలో రెండు బిస్కెట్లో, ఆపైన రెండున్నర గంటలకోసారి ఇడ్లీ, రాగి జావ, పెరుగన్నం, ఏదైనా సరే కొంచెం కొంచెం. తిన్న వెంటనే పడుకోవద్దు. తిప్పినప్పుడు కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెల దాకా నెమ్మదిగా వదలండి. ఐదు నిమిషాలు చాలు.

ప్రయాణం అంటారా, శ్రీకాకుళానికి రైలుంది, రైలే మేలు. బస్సే అయితే ముందు సీట్లు, ఫోన్ పక్కన పెట్టి దూరంగా రోడ్డు చూడడం, గంట ముందు రెండు ఇడ్లీలు. బస్సు పడకపోవడానికి ఓండాన్‌సెట్రాన్ పెద్దగా పనిచేయదు. దానికి వేరే మందులున్నాయి, నిద్రమత్తు తెస్తాయి, చూసిన డాక్టరే రాయాలి.

వాంతిలో రక్తం, కాఫీ పొడిలాంటి నలుపు, పసరు రంగు కనిపించినా, తారులాంటి నల్లటి విరేచనం, తీవ్రమైన తలనొప్పి లేదా కడుపునొప్పి ఉన్నా, ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

సైకియాట్రిస్టు భయం, ఆందోళన తగ్గడానికి సెర్ట్రాలిన్‌లాంటి మందు రాస్తే మొదటి వారం పది రోజులు అదే కొంచెం వికారం తెస్తుంది. ఈ భయం ఉన్నవాళ్లు మూడో రోజే మానేస్తారు. ముందే చెబితే తక్కువ డోసుతో, తిన్నాక వేసుకునేలా మొదలుపెడతారు. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులు, ఖాళీవైనా సరే, కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.